మెల్లగా లాగిన బలము, వడిగా తాకిన బలము

తిరునాళ్ళలో జీళ్ళు చేయువానిని మీరు చూచియే యుందురు. కాగిన బెల్లపు పాకమును కొంచెము చల్లారనిచ్చి, గుంజకు కొట్టిన మేకునకు తగిలించి, మెల్లగా లాగును. పాకము బారెడు సాగును. మరల మడిచి తగిలించి, మరల లాగును. అతడు ఎంత ఓపికగా లాగునో పాకము అంత లొంగియుండును. అదే పాకమును, అదే వేడిలో, ఒక్క పెట్టున గుంజినచో సాగదు, పుటుక్కున తెగును. పాకము మారలేదు, వేడి మారలేదు. మారినది వడి యొక్కటే.

ఈనాటి ప్రసంగము జీళ్ళను గూర్చినది కాదు. రాయలసీమ కొండలమీద తిరుగు గాలిమరల రెక్కలు, పెద్ద విమానముల తోకలు, వాని ఇంజనులలోని పంకారెక్కలు, పందెపు కార్ల తొట్లు, వీనిని నేడు గాజుపోగులతోనో కార్బనుపోగులతోనో ఎపాక్సీ అను జిగురును కలిపి చేయుచున్నారు. 2021లో ఇండియన్ ఆయిల్ సంస్థ వంటయిండ్లకు పంపిన తేలిక సిలిండరుగూడ ఈ జాతిలోనిదే. లోపల ప్లాస్టిక్ బుడ్డి, దానిచుట్టు జిగురుతో బిగిసిన గాజుపోగుల చుట్టలు, పైన మరల ప్లాస్టిక్ తొడుగు. ఇట్టి వస్తువులను గూర్చి ప్రకటనలు వచ్చునప్పుడు "ఉక్కుకంటె ఇన్ని రెట్లు బలము" అని వ్రాయుదురు. ఆ అంకె అబద్ధము కాకపోవచ్చును. కాని ఆ బలమును ఏ వడితో లాగి కొలిచిరో వ్రాసిన ప్రకటన ఇంతవరకు నా కంటబడలేదు. జీళ్ళవానికి తెలిసిన సంగతి ప్రకటన వ్రాయువానికి తెలియదనరాదు. వ్రాయుటకు చోటు చాలలేదని అనుకొందము.

పోగును జిగురును కలుపుట క్రొత్త తలపు కాదు. మన పల్లెలలో గోడకు మట్టి తొక్కునప్పుడు అందులో వరిగడ్డి వేయుదురు. గడ్డి లేని మట్టి ఆరగానే నెరియలు విచ్చును. గడ్డి కలిసిన మట్టిలో నెరియ పుట్టినను పరక అడ్డుపడి దానిని ముందుకు సాగనీయదు. మట్టి గడ్డిని ఒకచోట నిలిపియుంచును. గడ్డి మట్టిని విడిపోకుండ పట్టియుంచును. ఒకదాని లోపమును మరియొకటి కప్పును. వెదురులో ప్రకృతి చేసిన పనియు ఇదే. ఇట్టివానిని శాస్త్రజ్ఞులు సంయుక్త పదార్థము లందురు.

అయితే పోగునకు గాజునే ఏల ఎన్నుకొనిరి? చేయి జారిన గాజుగ్లాసు ఏమగునో ఎరుగనివారు లేరు. దీనికి సమాధానము ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో, రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంటులో పనిచేయుచుండిన ఏ. ఏ. గ్రిఫిత్ 1920లో చెప్పెను. ఆయన గాజును కరిగించి, రకరకముల సన్నదనముగల పోగులుగా తీసి, ఒక్కొక్కదానిని తెగువరకు లాగి చూచెను. ఒక మిల్లీమీటరు లావుగల పోగు చదరపు మిల్లీమీటరునకు సుమారు 17 కిలోల బరువునకు తెగినది. మిల్లీమీటరులో మూడువందలవ వంతు సన్నదనముగల పోగు అదే లెక్కన దాదాపు 345 కిలోలవరకు ఆగినది. గాజు అదే; బలము ఇరువది రెట్లు. గాజు విరుగుట గాజు తప్పు కాదనియు, దాని మేనిమీద కంటికి కనబడని గాట్లు ఉండుటచేతననియు ఆయన తేల్చెను. పోగు సన్ననిదైనకొలది పెద్ద గాటునకు చోటుండదు. అట్టి పోగులను వేలకొలది ప్రక్కప్రక్కన పేర్చి జిగురులో నిలిపినచో, ఒకటి తెగినను దాని బరువును ఇరుగుపొరుగు పోగులు పంచుకొనును.

ఆ జిగురే ఎపాక్సీ. స్విట్జర్లండులో పియర్ కాస్టన్, అమెరికాలో సిల్వన్ గ్రీన్లీ అనువారు ఒకరి ప్రసక్తి లేక ఒకరు 1940 ప్రాంతములలో దీనిని రూపొందించిరి. విరిగిన పింగాణీ పాత్రను అతుకుటకు రెండు గొట్టములలోని జిగురును కలిపి పూయుదురే, అరాల్డైట్ అను పేర అంగళ్ళలో దొరకునది, అది ఈ కుటుంబములోనిదే. ఒక గొట్టములో రెజిను, రెండవదానిలో దానిని గట్టిపరచు ద్రవ్యము. రెండును కలిసినంతట అణువుల గొలుసులు ఒకదానితో నొకటి ముడిపడి వలవలె అల్లుకొనును. ఆ తరువాత ఎంత వేడిచేసినను అది కరగి పారదు. వల కొంత వదులగును, అంతే.

ఇక వీని బలమును కొలుచు విధము. పలకనుండి వేలెడు వెడల్పు, జానెడు పొడవు గల చీలికను కోసి, రెండు కొనలను యంత్రపు దవడలలో బిగింతురు. ఒక దవడ కదలక నిలుచును. రెండవది ఎడముగా జరుగును. లోకమంతట వాడుకలో నున్న అమెరికా ప్రమాణమునుబట్టి ఈ జరుగుట సామాన్యముగా నిమిషమునకు రెండు మిల్లీమీటర్లు. నత్త ఇంతకంటె చురుకుగా నడచును. చీలిక ఒకటి మొదలు పది నిమిషములలోపల తెగవలెనని గూడ ఆ ప్రమాణము చెప్పుచున్నది. తెగిన క్షణమున యంత్రము చూపిన బరువును చీలిక మందముచేతను వెడల్పుచేతను భాగించి పట్టికలో వ్రాయుదురు. పట్టికనుండి అది పుస్తకములోనికి, పుస్తకమునుండి ప్రకటనలోనికి పోవును. దారిలో ఆ రెండు మిల్లీమీటర్ల సంగతి జారిపోవును.

కాని ఆ వస్తువు బ్రతుకులో ఎదురగు బరువులు ఆ నత్తనడకతో రావు. రెక్కకు పక్షి తగులును; సిలిండరు లారీమీదినుండి జారిపడును. అట్టి దెబ్బలో పోగు తెగుటకు పట్టు కాలము సెకనులో లక్ష వంతులలో ఒకటి రెండు వంతులు మాత్రమే. యంత్రములో లాగిన వడికిని దీనికిని లక్షల రెట్ల అంతరము. మరియొక వైపున ఇంకొక విధమగు బరువున్నది. నిండు సిలిండరులోని ఒత్తిడి దినములు, నెలలు, సంవత్సరములు అట్లే నిలిచియుండును. యంత్రములో కొలిచినది ఈ రెండింటికి నడుమ ఎక్కడనో ఉన్న ఒక్క చుక్క.

ఆ చుక్కనుండి ఇటు జరిగినను అటు జరిగినను బలము మారునా? ఇచటనే చిక్కు. సంయుక్త పదార్థము ఒక్కటి కాదు, అది కాపురము. అందలి ఒక్కొక్కరు వడికి ఒక్కొక్క విధముగా బదులు చెప్పుదురు.

మొదట జిగురును చూతము. ముడిపడిన గొలుసులతోనైన ఈ వలమీద బరువు పడినప్పుడు, గొలుసులు కొంచెము మెదలి, ఒదిగి, బరువునకు దారి ఇచ్చుటకు ప్రయత్నించును. ఆ మెదలుటకు కాలము కావలెను. 1936లో హెన్రీ ఐరింగ్ ఇట్టి కదలికలకు లెక్క కట్టి చూపెను. వడి పదింతలైన ప్రతిసారియు జిగురు లొంగుటకు కావలసిన బలము ఇంచుమించు ఒకే మొత్తమున పెరుగుచుండును. కనుక వడిగా లాగిన ఎపాక్సీ మెల్లగా లాగిన ఎపాక్సీకంటె బిగువైనది, బలమైనది. కాని సాగుట తగ్గును, పెళుసుదనము హెచ్చును. బలము పెరిగినదని సంతసించువారు ఈ రెండవ మాట మరువరాదు. జీళ్ళ పాకము తెగినది బలము చాలక కాదు. సాగుటకు తీరిక లేక.

ఇచట ఒక చిన్న ముచ్చట. ఈ జిగురుల విషయమున వేడియు మెల్లదనమును ఒకే ఫలితము నిచ్చును. చలియు వడియు ఒకే ఫలితము నిచ్చును. రోహిణీకార్తె ఎండలో కాగిన పలకను వడిగా తాకుటయు, మాఘమాసపు చలిలో దానినే మెల్లగా లాగుటయు కొంతవరకు సమానములే. తేమయు వేడివలెనే పనిచేయును. ఎపాక్సీ తన బరువులో నూటికి కొన్ని పాళ్ళ నీటిని మెల్లగా పీల్చుకొని మెత్తబడును. సముద్రతీరమున నాలుగు వానకాలములు గడపిన పలకయు, కర్మాగారమునుండి నిన్న వచ్చిన పలకయు ఒక్కటి కావు. కావుననే పరీక్షచేయువారు వడితోపాటు వేడిని, తేమనుగూడ వ్రాసి పెట్టుకొనవలసి యున్నది.

ఇక గాజుపోగు. గాజు మెదలునది కాదు, ఒదుగునది కాదు. దానికి వడితో పని ఉండరాదని తోచును. ఐనను ఉన్నది. కారణము నీరు. గాలిలో ఎల్లప్పుడును ఉండు తేమ గాజుమీది గాటు కొనకు చేరును. అచట సిలికాను, ఆక్సిజను పరమాణువులు గట్టిగా లాగబడి ఉండును. అట్లు లాగబడిన బంధమును నీటి అణువు తేలికగా తెంపగలదు. ఒకటి తెగగానే గాటు ఒక పరమాణువంత ముందుకు జరుగును. నీరు దానివెంట నడచును. 1967లో ఎస్. ఎం. వీడర్‌హార్న్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు గాజుపలకలో పగులు నడచు వడిని వేరువేరు తేమలలో కొలిచి చూపెను. తేమ హెచ్చినకొలది పగులు వడి హెచ్చినది. కాబట్టి గాజును మెల్లగా లాగినచో నీటికి కావలసినంత వ్యవధి దొరకును. చిన్న బరువుకే తెగును. వడిగా లాగినచో నీరు చేరులోపలనే లాగుట ముగియును. గాజు ఎక్కువ బరువునకు ఆగును. వడి పది రెట్లైనచో వట్టి గాజు బలము నూటికి పది పాళ్ళ చుట్టుప్రక్కల పెరుగును.

కార్బనుపోగు స్వభావము వేరు. కార్బను పరమాణువులు కార్బను పరమాణువులతోనే ముడిపడి పొరలుపొరలుగా పోగు పొడవునకు సాగియుండును. వానిని నీరు తెంపలేదు. అవి ఒదిగి దారి ఇచ్చునవియు కావు. కనుక నిమిషమునకు రెండు మిల్లీమీటర్ల వడితో లాగినను, తుపాకి దెబ్బవంటి వడితో లాగినను, పోగు వెంబడి దాని బలము దాదాపు ఒక్కటే. ఎట్టి వేళలోనైనను ఒకే మాట చెప్పు మనిషివంటిది. అట్టివారితో వ్యవహారము తేలిక. కాని వారు వంగరు.

మీరు ఒక ప్రశ్న అడుగవచ్చును. పోగు వెంబడి మారకున్న సరి, పోగునకు అడ్డముగానో, అదుముటలోనో ఏమగును? సరియైన ప్రశ్న. చీపురుకట్టను తలచుకొనుడు. ఒక్క పుల్లను నిలువున అదిమిన వంగిపోవును. కట్ట కట్టి అదిమిన నిలుచును; బలము పుల్లది కాదు, కట్టిన తాటిది. అట్లే పోగులను నిలువున అదిమినప్పుడు అవి ప్రక్కకు ఒరుగకుండ ఆపునది జిగురు. అడ్డముగా లాగినప్పుడు బరువు మోయునదియు ఆ జిగురే. ఒక పొర మీద మరియొక పొర జారకుండ పట్టునదియు అదే. కాబట్టి ఒకే కార్బను పలక, పోగు వెంబడి లాగినప్పుడు వడిని లెక్కచేయక, నిలువున అదిమినప్పుడు గాని అడ్డముగా లాగినప్పుడు గాని వడికి తగినట్లు బలము మార్చుకొనును. "ఈ పదార్థమునకు వడితో బలము పెరుగునా?" అని అడిగినవానికి ఒక్క మాటలో బదులు చెప్పుట సాధ్యము కాదు. ఏ పోగు, ఏ వైపు, లాగుటా అదుముటా అని తిరిగి అడుగవలసినదే.

ఇంతటి వడిలో బలమును కొలుచుట ఎట్లు? దవడల యంత్రము అంత వడిగా కదలలేదు. కదలినను దాని స్వంత బరువు ఊగిసలాడి లెక్క తప్పించును. ఈ పనికి దారి చూపినవారు ఇంగ్లండులోని ఒక తండ్రియు కొడుకును. తండ్రి జాన్ హాప్కిన్‌సన్ 1872లో ఒక ఇనుపతీగను పైనుండి వ్రేలాడదీసి, దాని క్రింది కొనకు ఆనకట్ట వేసి, తీగ వెంబడి జారు బరువును ఎత్తునుండి విడిచెను. బరువు తాకినది క్రింది కొనను. కాని తీగ పెక్కుమారులు పై కొనలో, పట్టుకొనియున్నచోట తెగినది. అంతేగాక తీగ తెగుట ఎంత బరువు వేసిరను దానికంటె, ఎంత ఎత్తునుండి వేసిరను దానిమీద ఆధారపడినది. దెబ్బ అనునది తాకినచోటనే ఉండిపోదు. అలవలె లోహములో పరుగెత్తి, కదలని కొనను ఢీకొని, అచట రెట్టింపగును. వరుసగా ఆనించి పెట్టిన కారమ్స్ బిళ్ళలలో మొదటిదానిని కొట్టినచో చివరిది ఎగిరిపోవుట మీ పిల్లలు చూపగలరు. ఆ సూత్రమే.

కొడుకు బెర్‌ట్రం హాప్కిన్‌సన్ 1914లో ఈ అలను పనివానిగా చేసికొనెను. పొడవైన ఉక్కుకమ్మి కొనను తాకిన తూటా దెబ్బ ఎంతయో, ఎంతసేపో ఆ కమ్మిలోని అలనుబట్టి లెక్కకట్టెను. 1949లో హెర్బర్ట్ కోల్‌స్కీ కమ్మిని రెండుగా చేసి, నడుమ పరీక్షింపదగిన పదార్థపు బిళ్ళను పెట్టెను. ఒక కమ్మిని కొట్టిన అల బిళ్ళలోనుండి రెండవ కమ్మిలోనికి పోవును. లోనికి పోయినదెంత, వెనుకకు మరలినదెంత అని కొలిచినచో, నడుమనున్న బిళ్ళ ఆ క్షణములో ఎంత బరువు మోసినదో, ఎంత సాగినదో తెలియును. ఉక్కులో ఈ అల సెకనుకు 5 కిలోమీటర్లు నడచును. కనుక అంతయు కన్నుమూసి తెరచులోపల ముగియును. తండ్రి 1898లో ఆల్ప్స్ పర్వతములలో తన ముగ్గురు బిడ్డలతోపాటు జారిపడి మరణించెను. కొడుకు 1918లో తాను నడుపుచున్న విమానము కూలి మరణించెను. దెబ్బలను కొలుచుట నేర్పిన ఇంటివారు ఇట్లు పోవుట తలచిన మనసు చివుక్కుమనును.

ఆ కమ్మిల పద్ధతిని పోగుల పలకలను లాగి చూచుటకు తగినట్లు మార్చి, జె. హార్డింగ్, ఎల్. ఎం. వెల్ష్ అను ఇరువురు ఆక్స్‌ఫర్డులో చేసిన ప్రయోగములను 1983లో ప్రకటించిరి. కార్బను ఎపాక్సీ పలక, పోగు వెంబడి లాగినప్పుడు, వడిని ఇంచుమించు పట్టించుకొనలేదు. గాజు నేత ఎపాక్సీ పలక బలము మాత్రము వడితో స్పష్టముగా పెరిగినది. పోగుల స్వభావమునుబట్టి మనము ఊహించినట్లే జరిగినది. మన దేశములోను రూర్కెలా ఎన్.ఐ.టి.లో గాజుపోగు ఎపాక్సీ పలకలను పొట్టి దూలములుగా కోసి, వేరువేరు వడులతో వంచి, పొరలు ఎప్పుడు జారునో మామూలు వేడిలోను చలిలోను పరీక్షించిరి. పొరలు విడివడు విషయమున మాత్రము వివిధ దేశములలోని ప్రయోగములు ఇంకను ఒక్క మాటమీదికి రాలేదు. కొందరు వడితో పొరల పట్టు పెరిగినదందురు, కొందరు తగ్గినదందురు. జిగురు రకము, పోగు పూత, కొలిచిన విధము వేరైనప్పుడు ఇది వింత కాదు.

ఈ తేడాలు ప్రయోగశాల గోడలనడుమ ఉన్నంతకాలము వినోదమే. గోడ దాటిన తరువాత ఎంత వెల పడునో ఇంగ్లండులోని రోల్స్ రాయిస్ సంస్థ తెలిసికొనెను. 1968లో ఆ సంస్థ అమెరికావారి ట్రైస్టార్ విమానమునకు ఆర్.బి. 211 అను పెద్ద ఇంజనును సమకూర్చుటకు ఒప్పుకొనెను. ముందుండు పెద్ద పంకాకు కార్బనుపోగు రెక్కలు పెట్టవలెనని తలచిరి. ఆ పదార్థమునకు హైఫిల్ అని పేరిడిరి. అంతకు కొలది సంవత్సరముల ముందే, గ్రిఫిత్ గాజుపోగులు లాగిన ఆ ఫార్న్‌బరోలోనే, బలమైన కార్బనుపోగును తయారుచేయు పద్ధతిని కనుగొనియుండిరి. లోహముకంటె తేలిక, పోగు వెంబడి బలము, తిరుగుటలో కలుగు లాగుడునకు చక్కగా ఆగును. రెక్క తిరుగునప్పుడు లాగుడు మెల్లగా పెరిగి నిలకడగా నుండునది గదా. పట్టికలోని అంకె దానికి సరిపోయినది.

మిగిలినది పక్షి పరీక్ష. ఆకాశములో పక్షులు ఇంజనులోనికి పడుట అరుదు కాదు. అందుచేత చచ్చిన కోడిని గాలితుపాకిలో పెట్టి తిరుగుచున్న పంకామీదికి వదలి చూతురు. కోడి మెత్తనిది గదా అనరాదు. పంకారెక్క కొన ధ్వనిని మించిన వడితో తిరుగునప్పుడు పక్షి దేహము నీటిధారవలె తాకును. నీరు మెత్తనిదని ఎత్తునుండి బావిలోనికి బోర్లపడినవాడు చెప్పడు. 1970లో చేసిన ఆ పరీక్షలో హైఫిల్ రెక్కలు ముక్కలైపోయినవి. పోగు వెంబడి లాగుడునకు ఆగిన రెక్క, అడ్డముగా, పొరలనడుమ, క్షణములో వచ్చిన దెబ్బకు ఆగలేదు. అడ్డముగా మోయవలసిన జిగురు ఆ వడిలో గట్టిదే యైనను పెళుసుది. టైటానియము రెక్కలను ముందుజాగ్రత్తగా ప్రక్కన సిద్ధపరచుచుండుటచేత ఇంజను నిలిచినది. కాలము, ధనము మాత్రము నిలువలేదు. 1971 ఫిబ్రవరి 4న ఆ సంస్థ దివాలా తీసినది. దీనికి రెక్క ఒక్కటే కారణమనుట అన్యాయము. ఒప్పందపు ధరలు, ఇంజనులోని ఇతర చిక్కులు తోడైనవి. కాని రెక్కగూడ ఒక కారణమనుట నిజము. ప్రభుత్వము దానిని స్వాధీనపరచుకొని నడిపినది. ట్రైస్టారు టైటానియము రెక్కలతో ఎగిరినది.

కార్బను రెక్క మరల పెద్ద విమానమున కెక్కుటకు ఇరువదియైదేండ్లు పట్టినది. 1995లో బోయింగ్ 777తో వాడుకలోనికి వచ్చిన జి.ఇ. 90 ఇంజనులో 22 రెక్కలును కార్బనుపోగు ఎపాక్సీవే. ఈ మారు పోగును గూర్చి చింతించినంతగా జిగురును గూర్చియు చింతించిరి. పెళుసుదనము పోవునట్లు ఎపాక్సీలో సన్నని మెత్తని రేణువులను కలిపిరి. పగులు పరుగెత్తినప్పుడు అవి దాని బలమును తినివేయును. రెక్క ముందంచునకు టైటానియము తొడుగు వేసిరి. పక్షి మొదట తగులునది దానికే. నాగలికర్రుకు ఇనుము తొడిగినట్లు! ఇంత చేసి, పక్షి పరీక్షకు పెట్టి, నెగ్గిరి.

వడి హెచ్చుట ఒక అపాయమైనచో, వడి లేకపోవుట రెండవ అపాయము. ఇది జనులకు తోచునది కాదు. మెల్లగా వచ్చు బరువు మంచిదని మనము నమ్ముదుము. గాజుపోగు విషయమున ఆ నమ్మకము చెల్లదు. ఒక బరువును గాజుపోగుకు వ్రేలాడదీసి ఊరకుండినను, నీరు తన పని తాను చేసికొని పోవుచునే యుండును. ఈ రోజు మోసిన బరువునకే అది ఏండ్లు గడచిన తరువాత తెగవచ్చును. జిగురు నీటిని ఆలస్యపరచును గాని పూర్తిగా ఆపలేదు.

వాహనములలో సహజవాయువు నింపు సిలిండరులకు ఐ.ఎస్.ఓ. 11439 అను అంతర్జాతీయ ప్రమాణ మొకటి కలదు. సిలిండరు మేనంతటిని పోగులతో చుట్టినప్పుడు, పగులునప్పటి ఒత్తిడిలో పోగు మోయు బరువు, వాడుకలో మోయు బరువునకు కార్బనైనచో కనీసము 2.35 రెట్లు, గాజైనచో 3.65 రెట్లు ఉండవలెనని అది విధించినది. ఒకే పనికి, ఒకే ఒత్తిడికి, గాజు ఏల ఎక్కువ జామీను కట్టవలెను? కాలము గాజును తినును, కార్బనును అంతగా తినదు కనుక. దెబ్బకు బలమును పెంచుకొను గాజే, ఓర్పునకు బలమును పోగొట్టుకొనును. ఒకే నీటి అణువు ఈ రెండింటికి మూలము.

వంటయింటి తేలిక సిలిండరునకు ఈ రెండు పరీక్షలును తప్పవు. లోపలి వాయువు రాత్రింబగళ్ళు పోగులను లాగుచుండును. నెలకో రెండు నెలలకో లారీ దిగునప్పుడు, మెట్లెక్కునప్పుడు దెబ్బలు తగులును. మన కోస్తాలో జాలరుల ఫైబరు పడవలకును ఇదే గతి. వానిలో వాడు జిగురు సామాన్యముగా ఎపాక్సీ కాదు, చౌకగు పాలియెస్టరు. అయినను వ్యవహారము ఒక్కటే. ఒడ్డున ఇసుకమీద పడియున్నప్పుడు మెల్లని బరువు. నురగలో దరి చేరునప్పుడు అడుగున పడు అలల చెంపదెబ్బ.

ఇట్టి దెబ్బలో మరియొక మోసమున్నది. ఇనుప సిలిండరునకు దెబ్బ తగిలిన సొట్టపడి మనకు చెప్పును. పోగుల పలక చెప్పదు. పైకి సన్నని గీతయైన కనబడకపోవచ్చును. లోపల పొరలు ఒకదానినుండి ఒకటి విడివడి యుండును. లాగినప్పుడు దాని బలము అంతగా తగ్గదు, ఏలయన పోగులు తెగలేదు. అదిమినప్పుడు మాత్రము, కట్టు తెగిన చీపురుకట్టవలె, ఒక్కొక్క పొర వేరుగా వంగి కూలిపోవును. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్టు చూచుటకు బాగున్నను మరల ధరింపరాదని చెప్పుటకు ఇదియు ఒక హేతువు. సిలిండరు ఎత్తునుండి పడినట్లు మీకు తెలిసినయెడల, పైతొడుగు చెక్కుచెదరకున్నను, పంపిణీదారునకు ఆ మాట చెప్పి మార్పించుకొనుడు.

విమానములను తనిఖీ చేయువారికి ఈ మోసమును కనిపెట్టుటకు శబ్దకిరణముల యంత్రములు ఉన్నవి. ఐనను వానితోపాటు ఇంకొక పద్ధతి నేటికిని వాడుకలో నున్నది. ఒక నాణెమునో, చిన్న సుత్తినో చేతబట్టి రెక్కమీద జానెడు జానెడు దూరమున తట్టుచు, చెవియొగ్గి వినుచు పోవుదురు. పొరలు కలిసియున్నచోట ఖంగుమని పలుకును. విడివడినచోట బొద్దుగా, మందముగా పలుకును. సంతలో కుండ కొనునప్పుడు మీ అమ్మమ్మ వ్రేలి కణుపుతో తట్టి వినినది ఆ తేడానే.